నిలిచిన చారలు

పోయిన నెలలో ఒక రోజు, మధ్యాహ్నం భోజనాల వేళకు, మా ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసి మూడో బేస్‌మెంట్‌లోకి రమ్మన్నాడు. కోకాపేటలో నేను పనిచేసే టవరుకు నేల కింద అయిదు అంతస్తుల పార్కింగ్ ఉంది. పైన అద్దాల వెనక ఏ కంపెనీలో ఏం జరుగుతుందో నాకు పెద్దగా తెలియదు. కరెంటు, లిఫ్టులు, జనరేటర్లు, నీళ్ల పంపులు మాత్రం నా బాధ్యత. చదువైనప్పటి నుంచి ఇదే పని, బిల్డింగులే మారాయి. ఎలక్ట్రీషియన్‌ది వికారాబాద్ పక్క ఊరు, నాకంటే పెద్దవాడు, ఊరికే కంగారుపడి పిలిచే మనిషి కాదు. నేను వెళ్లేసరికి స్టోర్‌రూమ్ గోడ మీది పాత ట్యూబ్‌లైట్ కింద తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. "మేడం, జర చూడుండ్రి. ట్యూబుల పురుగులు పారుతున్నట్టున్నది" అన్నాడు. నిజమే. వెలుగు ముక్కలు ముక్కలుగా తెగి, ఒక వెలుగు పట్టీ, ఒక చీకటి పట్టీ, మళ్లీ ఒక వెలుగు పట్టీగా, ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా పాకుతోంది. వయసైపోయిన ట్యూబుల్లో అప్పుడప్పుడూ ఇలా జరుగుతుంది. తీసేసి ఎల్‌ఈడీ బిగించమన్నాను. నేను చెప్పాల్సింది అంతే. కానీ అతను వెళ్లి నిచ్చెన తెచ్చేదాకా అక్కడే నిలబడి ఆ చారలను చూస్తూ ఉండిపోయాను. వదినకు చెబుదామని చెయ్యి ఫోన్ మీదికి పోయింది. నంబరు దాకా వెళ్లి, మళ్లీ ఫోన్ జేబులో పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో చెప్పాలంటే ఇరవై రెండేళ్లు వెనక్కి, లింగంపల్లికి వెళ్లాలి.

మాది పుప్పాలగూడ. ఇప్పుడు ఆ పేరు చెబితే ఏ అపార్ట్‌మెంట్ అని అడుగుతారు. నా చిన్నప్పుడు చెబితే అదెక్కడుందని అడిగేవారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా సీటు వచ్చాక, ఊరి నుంచి రోజూ బస్సుల కోసం నిలబడటం ఆడపిల్లకు కుదిరే పని కాదని అమ్మ నన్ను లింగంపల్లిలో అన్న ఇంట్లో పెట్టింది. అన్న అక్కడికి దగ్గర్లోని ఒక పెద్ద ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేవాడు. స్టేషన్ వెనక కాలనీలో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకున్నాడు. రైలు వచ్చినప్పుడల్లా వంటింటి గూట్లో గిన్నెలు గలగలలాడేవి. గిన్నెల చప్పుడును బట్టి అది ప్యాసింజరో, గూడ్సో వదిన చెప్పేసేది. వదినది కాకినాడ. అన్నా తనూ ఎమ్మెస్సీ ఫిజిక్స్ కలిసి చదివారు. అన్న ఉద్యోగంలో చేరాడు, తను పీహెచ్‌డీలో చేరింది, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మా అమ్మకు కోడలిది వేరే ప్రాంతమన్న పట్టింపు ఏమీ లేదు. ఆమె ఫిర్యాదల్లా ఒక్కటే. "పిల్ల మంచిదే. గని పులుసుల బెల్లమేందే? అది పులుసా, పాయసమా?" అనేది నాతో. అది వదిన చెవిన పడింది. అప్పటి నుంచి అమ్మ వచ్చినప్పుడల్లా వదిన రెండు గిన్నెల్లో పులుసు పెట్టేది, ఒకటి బెల్లంతో, ఒకటి లేకుండా. అమ్మ మూడు రోజులు ఉంటే మొదటి రెండు రోజులు తన గిన్నెలోంచి తినేది, మూడో రోజు ఎవరూ చూడటం లేదనుకుని బెల్లం గిన్నెలోంచి ఒక గరిటె వేసుకునేది.

ఆ ఇంట్లో అన్ని పనులకూ ఒకటే ముహూర్తం, థీసిస్ అయ్యాక. ఫ్రిజ్ థీసిస్ అయ్యాక. కాకినాడ ప్రయాణం థీసిస్ అయ్యాక. గోడకు సున్నం కూడా థీసిస్ అయ్యాకే. పిల్లల సంగతి అడిగితే అన్న నవ్వి ఊరుకునేవాడు, వదిన మాత్రం "అత్తయ్యా, థీసిస్ అవగానే" అని అమ్మకు చెయ్యి పట్టుకుని మరీ చెప్పేది. అమ్మకు థీసిస్ అంటే ఏమిటో తెలియదు. ఏదో మొక్కు అనుకునేదేమో, దాన్ని తొందరపెట్టకూడదన్నట్టు తలూపేది.

వదిన పరిశోధన చేసే కాలేజీ నగరం మధ్యలో ఉండేది. పేరెందుకు, ఆ బిల్డింగే ఇప్పుడు లేదు. రోజూ పొద్దున ఎనిమిదిన్నర రైలుకు వెళ్లి సాయంత్రం ఆరింటికి వచ్చేది. సెలవు రోజుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేది. ఎండలో నడిచి వెళ్లి ఆ గదిలోకి అడుగుపెడితే కాసేపు ఏమీ కనిపించేది కాదు. కిటికీలకు నల్లటి మందపాటి తెరలు, కాలిన నూనె వాసన, మూల నుంచి గాలి పీల్చే పంపు చేసే డబడబ చప్పుడు. కళ్లు అలవాటు పడ్డాక, బల్ల మీద మూరెడు పొడుగు గాజు గొట్టం ఒకటి కనిపించేది. అందులోంచి గాలి మొత్తం లాగేసి, చిటికెడు నియాన్ వదిలి, రెండు కొసలకూ కరెంటు ఇస్తారు. గొట్టం నారింజ రంగులో వెలుగుతుంది. ఆ వెలుగు ఒకే తీరుగా ఉండదు, చారలు చారలుగా ఉంటుంది. ఎందుకని అడిగితే వదిన ఇలా చెప్పింది. "ఎలక్ట్రాన్లు ఉన్నాయే, అవి ఊరికే వెలుగివ్వలేవు. కొంత దూరం పరిగెత్తి బలం కూడగట్టుకోవాలి. అప్పుడు పోయి ఒక అణువును గుద్దుతాయి. గుద్దిన చోట వెలుగు. ఉన్న బలమంతా అక్కడే పోతుంది, మళ్లీ మొదటి నుంచీ పరుగు. పరిగెత్తే చోటంతా చీకటి." ఎంత బాగా చెప్పిందో. ఇప్పటికీ నేను అంతకంటే బాగా చెప్పలేను.

అయితే వదిన పని చేస్తున్నది ఆ చారలు ఎందుకొస్తాయన్న దాని మీద కాదు, అది ఎప్పుడో పెద్దవాళ్లు తేల్చేశారు. చాలాసార్లు ఆ చారలు కన్ను పట్టుకోలేనంత వేగంగా పరిగెడతాయట. అందుకని మనకు నున్నటి వెలుగు మాత్రమే కనిపిస్తుంది. కానీ వదిన గొట్టంలో, గ్యాసు పీడనం ఒక హద్దులోకి రాగానే, పరిగెత్తాల్సిన చారలు కదలకుండా నిలబడిపోయేవి. దువ్వెన పళ్లలా, వరుసగా. అక్కడ అవి నిలబడటానికి వీల్లేదని పుస్తకాలు చెబుతున్నాయి. ఇవేమో ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఫోటోలు తీసింది, కొలతలు తీసింది, వాళ్ల గైడు గారితో కలిసి ఒక పేపరు అచ్చు వేయించింది. నాలుగు చాప్టర్ల థీసిస్ అదే విషయం మీద రాసింది. ఆ లాబ్‌లో, కరెంటు హెచ్చుతగ్గులను తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు ఉంటే చారల కదలికను వేరే రకంగానూ పట్టుకోగలిగేవారు. ఉన్న ఒక్క ఆసిలోస్కోపూ నేను ఆ గది చూడక ముందే రిపేరుకు వెళ్లింది, నేను డిప్లొమా పూర్తి చేశాక కూడా తిరిగి రాలేదు. దాని గురించి ఆఫీసులో అడిగితే, పంపిన మనిషి రిటైర్ అయ్యాడని చెప్పేవారట.

ఇక ఈ పనంతటినీ తలకిందులు చేసిన మాటొకటి, నేనే అడిగింది. ఒక ఆదివారం సాయంత్రం. నేను చాప మీద వర్క్‌షాప్ రికార్డు రాస్తున్నాను, వదిన ఎదురుగా గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెడుతోంది. మధ్యలో టీ గ్లాసులు. ఊరికే ఉండలేక అన్నాను. "వదినా, మా మెషిన్ షాపుల సారు ఒకటి చెప్పిండు. ట్యూబ్‌లైట్ కింద లేత్ మిషన్ తిరుగుతుంటే ఒక్కోసారి ఆగినట్టు కనవడ్తదంట. ఆగిందనుకొని చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నోళ్లు గూడ ఉన్నరంట."

"అవును. ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు ఆరి వెలుగుతుంది కదా. ఆ మినుకూ ఈ తిరుగుడూ కలిశాయంటే అంతే, ఆగినట్టే ఉంటుంది" అంది తలెత్తకుండా.

"మరి నీ చారలు నిజంగనే ఆగినయా, గట్లనే కనవడ్తున్నయా?"

వదిన నవ్వింది. "నాది డీసీ సప్లై పిచ్చిదానా. డీసీకి మినుకు ఎక్కడిది?"

పరీక్షకు చదివింది నాలుక చివర ఉంది. గొప్ప చూపించుకునే వయసు. "సప్లైల కరెంటును సాఫు జేసే కెపాసిటర్ ఖరాబైతే డీసీ గూడ మినుకుతది గదా" అన్నాను.

వదిన పెన్సిల్ కాగితం మీద ఆగింది. కాసేపటికి మళ్లీ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. మర్నాడు నేను లేచేసరికి తను లేదు, ఆరు గంటల రైలుకే వెళ్లిపోయిందని అన్న చెప్పాడు.

ఆ వారమంతా వదిన ఆ రైలుకే వెళ్లింది. శనివారం నన్ను లాబ్‌కు తీసుకెళ్లి, పవర్ సప్లై పెట్టె వెనక పలక విప్పి చూపించింది. లోపల వేలెడంత కెపాసిటర్, నెత్తి ఉబ్బి పొక్కులా లేచి ఉంది. అది ఎండిపోయి ఎన్నాళ్లయిందో. మార్చేస్తే సరిపోతుంది కదా అన్నాను. "మారిస్తే మా గైడు సారు ఇంకోటి ఏదో అంటారు. అసలు గోడ కరెంటే లేకుండా చూడాలి" అంది. అందుకని బ్యాటరీలు కొన్నాం, బొమ్మల్లో వేసే చదరపు చిన్న బ్యాటరీలు. వాటి నెత్తిన రెండు గుండీలు ఉంటాయి. ఒకదాని గుండీ ఇంకోదాని గుండీకి సరిగ్గా బిగుస్తుంది. అలా డెబ్భై బిగిస్తే గొట్టం వెలిగించడానికి సరిపడా వోల్టేజీ వస్తుంది. లింగంపల్లిలో దొరికినవన్నీ కొనేసి కోఠీ దాకా వెళ్లాం. ఒక షాపతను బొమ్మల దుకాణం పెడుతున్నారా అని అడిగాడు. ఇంట్లో చాప మీద అన్న వాటిని పదేసి చొప్పున ఏడు వరుసలుగా బిగించాడు. "గివి పట్టుకొని రైలెక్కితే పోలీసోళ్లు ఊకుంటరా?" అన్నాడు. ఏడు వరుసలూ కలిపితే మనిషి ప్రాణం తీస్తుందని, అక్కడికి వెళ్లేదాకా విడివిడిగానే ఉంచాలని నేను పెద్ద ఇంజినీరులా హెచ్చరికలు చేశాను. మూడు టిఫిన్ డబ్బాల్లో సర్దుకున్నాం. ఆ రోజు మేం ముగ్గురం ఎంత నవ్వుకున్నామో.

తర్వాతి శనివారం మధ్యాహ్నం, రబ్బరు తొడుగులు వేసుకుని వరుసలన్నీ కలిపాం. వదిన స్విచ్ వేసింది. గొట్టం వెలిగింది. నారింజ రంగు వెలుగు, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నున్నగా. ఒక్క చార లేదు. వదిన పీడనం కొంచెం మార్చింది. లేదు. ఇంకొంచెం మార్చింది. చారలు నిలబడతాయని తను రాసిన హద్దు మొత్తం ఒక్కో అడుగే వేస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. నోట్‌బుక్‌లో చారల గడిలో ప్రతి వరుసకూ సున్నా పెడుతూ పోయింది. పది సున్నాలు అయ్యాక నేను "చాలు వదినా" అన్నాను. వినిపించుకోలేదు. పేజీ నిండే దాకా రాసింది. ఆ తర్వాత బ్యాటరీలు విప్పి, పాత సప్లై తగిలించింది. చారలు వచ్చి దువ్వెన పళ్లలా నిలబడ్డాయి. ఎప్పుడూ నిలబడలేదన్నమాట. పరిగెడుతూనే ఉన్నాయి. సప్లై మినుకు వల్ల ఆగినట్టు కనిపించాయి, అంతే. ఆ పీడనం దగ్గర చారల వేగం ఆ మినుకుతో కలిసింది.

అప్పుడే గైడు గారు వచ్చారు. ఆయనది నెల్లూరు వైపు, మెత్తటి మనిషి, విద్యార్థులను కసిరిన పాపాన పోలేదు. వదిన రెండు రకాలుగానూ వెలిగించి చూపించింది. ఆయన చాలాసేపు గొట్టం మీదికి వంగి చూశారు.

"బ్యాటరీల లోపలి రెసిస్టెన్స్ వేరు కదమ్మా. సర్క్యూటే మారిపోయింది. రెండూ పోల్చకూడదు" అన్నారు.

"అది సరిచేసే పెట్టానండి."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "ఇంకో మూడేళ్లలో రిటైర్ అవుతున్నాను. మనం అచ్చు వేసిన పేపరు ఉంది. నువ్వు నాలుగు చాప్టర్లు రాశావు. సబ్మిట్ చేసేయ్. ఎగ్జామినర్లు అడిగితే అప్పుడు చూద్దాం. అడక్కపోవచ్చు కూడా."

"అడక్కపోతేనండి?"

"అడక్కపోతే నువ్వు డాక్టరేట్ పుచ్చుకుంటావు. ఇంకేముంది" అని, నా వైపు చూసి, నేనెవరో గుర్తుకు రానట్టు చూపు తిప్పుకుని వెళ్లిపోయారు. వెళ్తూ తెర సరిగ్గా వేయలేదు. సందులోంచి ఎండ వచ్చి గొట్టం మీద పడింది. ఆ ఎండలో గొట్టం వెలుగుతోందో లేదో కూడా తెలియలేదు.

తర్వాతి నెలలు మా ఇంట్లో ఎలా నడిచాయో రాయడం కష్టం. పోట్లాటలు లేవు. ఉంటే బాగుండేది. అన్న ఒకసారే అన్నాడు. "సారే పెట్టమంటున్నడు గదా. నీకేం ఫికర్? తప్పైతే ఆయనది." వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. రెండు రోజుల తర్వాత అన్న నన్ను పక్కకు పిలిచి, "నువ్వు చెప్పి చూడు, నీ మాట వింటది" అన్నాడు. నేను చెప్పాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నేనే చెప్పాను. "ఎవరడుగుతరు వదినా? పెట్టేయరాదు. అయిదేండ్లు చేసినవ్."

వదిన బియ్యం ఏరుతోంది. "చారలు ఆగాయని నాలుగు చాప్టర్లు రాశాను. అవి ఆగలేదు. ఆగలేదని తెలిశాక ఆ చాప్టర్ల కింద సంతకం ఎలా పెట్టను?" అంది. తర్వాత నవ్వుతూ, "అయినా నువ్వేగా అడిగావు" అంది. ఆ నవ్వు చూసి అది మెచ్చుకోలనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నా స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా, మా వదిన పరిశోధనలో తప్పు పట్టింది నేనేనని.

వదిన ముందు ఆ పేపరు తప్పని చెబుతూ ఒక చిన్న ఉత్తరం రాసి, దాన్ని అచ్చు వేసిన పత్రికకు పంపింది. కొత్త విషయం ఏమీ లేదని తిరిగి వచ్చింది. తర్వాత ఎనిమిది నెలలు బ్యాటరీల మీద పనిచేసి, నిజంగా నిలిచే చారలు ఇంకెక్కడైనా దొరుకుతాయేమోనని వెతికింది. దొరకలేదు. ఏమీ కనిపించలేదన్నదాన్ని థీసిస్‌గా రాయనివ్వరు. ఫెలోషిప్ గడువు అయిపోయింది. ఒక రోజు కాలేజీకి వెళ్లి రిజిస్ట్రేషన్ రద్దు కాగితం మీద సంతకం పెట్టి, ఎప్పటిలాగే ఆరింటికి ఇంటికి వచ్చి, అన్నం వండింది. ఆ రాత్రి అన్న ఏదో మాట్లాడబోతే "గోడలకు సున్నం వేయిద్దామండీ" అంది.

వదిన వదిలేసిన పనిని గైడు గారు తన దగ్గర కొత్తగా చేరిన జూనియర్‌కు ఇచ్చారు. అదే గొట్టం, అదే సప్లై, అవే చారలు. రెండేళ్లలో, గైడు గారు రిటైర్ అయ్యే నెలలోనే, అతని వైవా పెట్టారు. ఎవరైనా వచ్చి వినొచ్చు. వదిన వెళ్తానంది. అన్న వద్దన్నాడు. అప్పటికి నేను మాదాపూర్‌లో ఒక బిల్డింగ్‌లో ట్రైనీగా చేరాను, సెలవు పెట్టి తోడు వెళ్లాను. జూనియర్ మంచి చొక్కా వేసుకుని, చక్కటి ఫోటోలు చూపించి, చారలు ఎలా నిలబడతాయో లెక్కలతో సహా చెప్పాడు. ఆ లెక్కలు అంతకు ముందు వదిన వేసినవాటి కంటే బాగున్నాయని వదినే నా చెవిలో చెప్పింది. చివర్లో ప్రశ్నలడగమన్నారు. వదిన లేచి నిలబడింది. "మీరు వాడిన పవర్ సప్లైలో రిపుల్ ఎంతో కొలిచారాండీ?" అని మాత్రం అడిగింది. సప్లైలో ఉండే ఆ మినుకునే రిపుల్ అంటారు.

అతను నవ్వుతూ, "మేడం, లాబ్‌లో ఎప్పటి నుంచో వాడుతున్న స్టాండర్డ్ సప్లైనే వాడాను" అన్నాడు. బయటి ఎగ్జామినర్ టైము చూసుకున్నాడు. గైడు గారు తన చెప్పుల వైపు చూస్తున్నారు. ఎవరో ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అన్నారు, లేవన్నారు, చప్పట్లు కొట్టారు. వదిన కూడా కొట్టింది. బయట సమోసాలు, టీ. గైడు గారు వరండాలో మా దగ్గరికి వచ్చి, "నా మీద కోపమా అమ్మా?" అన్నారు.

"లేదండి. ఆ కెపాసిటర్ మాత్రం మార్పించండి సార్. ఎప్పుడో పేలుతుంది, దగ్గర ఎవరైనా ఉంటే ముఖం మీద పడుతుంది" అంది వదిన. ఆయన తలూపారు. ఆ జూనియర్ ఇప్పుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ప్రిన్సిపాల్. అతని దగ్గర మరో ఇద్దరు ఆ చారల మీదే పీహెచ్‌డీలు చేశారు.

వదిన హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరింది. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆ పని. బాగా పట్టేది, పట్టిన ప్రతి తప్పు మీదా నాలుగేసి పేజీలు రాసేది. టీమ్ లీడరు కుర్రది, "మేడం, ఇది యూజర్‌కి కనిపించదు కదా, క్లోజ్ చేసేద్దాం" అంటే, "కనిపించకపోయినా ఉంది కదండీ" అనేదట. ఆఫీసులో దాని మీద జోకులు ఉండేవి. అవి తనే ఇంటికి వచ్చి చెప్పి నవ్వించేది. ఫిజిక్స్ మాట మాత్రం ఎత్తేది కాదు. ఫ్రిజ్ వచ్చింది, కాకినాడ ప్రయాణమూ అయింది. పిల్లల కోసం దవాఖానల చుట్టూ నాలుగేళ్లు తిరిగారు. కొంచెం ముందొస్తే బాగుండేదని అందరు డాక్టర్లూ ఒకే మాట అన్నారు. ఆ తర్వాత అమ్మ ఆ సంగతి అడగడం మానేసింది. ఒక్క మాట కూడా అనలేదు. అడగడం మానేసింది, అంతే. వదిన దాన్ని భరించడం చూశాను. అమ్మ అడిగి, తిట్టినా బాగుండేదేమో.

రెండేళ్ల కింద, వదిన ఆఫీసు కోకాపేటకు మారాక, ఒక రోజు మధ్యాహ్నం నా బేస్‌మెంట్ ఎలక్ట్రికల్ రూమ్‌కు వచ్చింది. ప్యానెల్ బోర్డు పక్కన స్టూలు లాక్కుని కూర్చుని లంచ్ బాక్స్ విప్పింది. సగం తిన్నాక, "ఇవాళే ఆఖరు రోజట. లాప్‌టాప్ తీసేసుకున్నారు" అంది.

"ఏంది వదినా, గట్లెట్ల తీసేస్తరు?"

"టెస్టింగ్‌కు మనుషులు అక్కర్లేదట ఇప్పుడు. కంప్యూటరే దానంతట అది చేసుకుంటుందట." మిగిలిన సగం కూడా తినేసి, డబ్బా కడుక్కుని, నా సీట్లో కాసేపు కూర్చుంది. అప్పటికి తనకు యాభై దగ్గర పడ్డాయి. తర్వాత చాలా చోట్ల ప్రయత్నించింది. ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి వెళ్తే పీహెచ్‌డీ ఉందా అని అడిగారట.

నిరుటి చలికాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం. అన్నా వదినా పుప్పాలగూడకే మారారు, మా పాత ఇంటికి దగ్గర్లోనే పన్నెండో అంతస్తులో ఫ్లాట్. మేమిద్దరం బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. తను ఉద్యోగం లేకుండా దిగులుగా ఉందని, ఏదైనా మంచి మాట చెప్పాలని నాకు తోచింది. "నీలెక్క నిజాయితీగ ఉండెటోళ్లు ఎవరున్నరు వదినా? నాడు నువ్వు చేసిందే కరెక్ట్" అన్నాను.

వదిన ఈనెలు తీయడం ఆపలేదు. "నువ్వు అడక్కపోతే బాగుండేది" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. చేతిలో కాయ పట్టుకుని చూస్తున్నాను.

"ఆ సాయంత్రం నువ్వు వేరే ఏదైనా మాట్లాడి ఉంటే, ఈపాటికి ఏదో కాలేజీలో పాఠం చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఒక పిల్లో పిల్లాడో ఉండేవారు. తప్పు రాశానని నాకు తెలిసేదే కాదు. నీ తప్పు లేదని నాకు తెలుసు. అయినా నీ మీద కోపం ఉంది. ఇరవై ఏళ్లు దాటింది, తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. మీ అన్నకు కూడా చెప్పలేదు." గొంతు పెరగలేదు, కన్నీళ్లు లేవు. చారల గురించి నాకు చెప్పినప్పుడు ఎలా చెప్పిందో అలాగే, విడమరిచి చెప్పింది. "సారు అడగలేదు. నేనూ అడగలేదు, అయిదేళ్లు దాన్నే చూస్తూ కూర్చుని. ఇరవై ఏళ్ల పిల్లవు, టీ తాగుతూ అడిగావు."

"నువ్వు నవ్వినవ్ గదా వదినా ఆనాడు" అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

"నవ్వక ఏం చేయను. మా ఇంట్లో ఉండి చదువుకునే పిల్లవి."

లోపల అన్న టీవీ చూస్తున్నాడు. కింద రోడ్డు మీద ఆదివారం కూడా ట్రాఫిక్ ఆగడం లేదు. క్షమించమని అడుగుదామంటే దేనికని అడగాలో తెలియలేదు. అడిగినందుకా, తర్వాత పెట్టేయమని చెప్పినందుకా, ఇన్నేళ్లూ గొప్పగా చెప్పుకున్నందుకా. కాయలన్నీ అయిపోయాక వదిన గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది. కూర వండింది, అందరం తిన్నాం, వెళ్లేటప్పుడు నాకు డబ్బాలో కట్టి ఇచ్చింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళ్తాను. తను ఎప్పటిలాగే ఉంటుంది, ఎప్పటిలాగే పలకరిస్తుంది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ మాట అడగడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. దాన్ని మోయడానికి ఆమెకు ఇరవై రెండేళ్లు పట్టింది, ఇంకా పడుతూనే ఉంది.